పటం మీద ‘కుంగుబాటు’ అని రాసే ముందు: బొగ్గుబాయిల మీద ఇన్‌సార్ చూపు రేఖ లెక్కలు

గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, భూపాలపల్లి లాంటి బొగ్గు ఊళ్ళ మీద ఇన్‌సార్ (రెండు తేదీల ఉపగ్రహ రాడార్ బొమ్మలను పోల్చి నేల కదలికను కొలిచే పద్ధతి) పటం గీసినప్పుడు రంగుల పట్టీ పక్కన ‘కుంగుబాటు, మి.మీ.’ అని రాసేయడం అలవాటైపోయింది. ఆ మాట పటం గీసినవాళ్ళది. ఉపగ్రహం కొలిచింది వేరే. తనకూ నేల మీది చుక్కకూ మధ్య చూపు రేఖ వెంబడి ఉన్న ఏటవాలు దూరం పోయినసారి కంటే ఈసారి ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదొక్కటే దానికి తెలుసు. నేల దిగినా ఆ దూరం పెరుగుతుంది. నేల పక్కకు జరిగినా పెరుగుతుంది. మనం వాడిన ఎత్తుల పటం పాతదైతే, ఏమీ కదలకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. వీటిలో ఏది ఎంతో తేల్చే పని చాలావరకు సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం మీద, త్రికోణమితితో అయిపోతుంది. ఆ కాగితం పని మానేసి ప్రాసెసింగ్‌లోకి దిగితే తర్వాత ఎన్ని ఫిల్టర్లు వేసినా లాభం లేదు.

ముందు ఉపగ్రహం ఎక్కడ నిలబడి చూస్తోందో పట్టుకోవాలి. ఉచితంగా దొరికే డేటా సెంటినెల్-1ది కాబట్టి దాన్నే తీసుకుందాం. ఎత్తు దాదాపు 693 కి.మీ., తరంగదైర్ఘ్యం 5.55 సెం.మీ., ఒక్కో ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిలో వస్తుంది. ఐడబ్ల్యూ అనే వెడల్పు పట్టీ మోడ్‌లో 250 కి.మీ. వెడల్పు పట్టీని చూస్తుంది. నేరుగా కిందికి మాత్రం చూడదు, తను పోయే దారికి కుడి పక్కకు చూస్తుంది. నిలువు గీతకూ దాని చూపుకూ మధ్య ఉండే పతన కోణం పట్టీ దగ్గరి అంచున 30 డిగ్రీల లోపు, దూరపు అంచున 46 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే ఒకే దృశ్యంలో రెండు ఊళ్ళకు రెండు వేరు కోణాలు.

అసెండింగ్ పాస్ (దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేది) మన దగ్గర సాయంత్రం ఆరు ప్రాంతంలో, డిసెండింగ్ పాస్ (ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేది) పొద్దున ఆరు ప్రాంతంలో వస్తుంది. గుర్తుండటానికి సాయంత్రం పాస్, పొద్దుటి పాస్ అందాం. సాయంత్రం ఉపగ్రహం మనకు పడమటి ఆకాశంలో ఉండి తూర్పుకు చూస్తుంది. పొద్దున తూర్పున ఉండి పడమరకు చూస్తుంది. దారి ఉత్తర దక్షిణ గీతకు దాదాపు 12 డిగ్రీలు ఒరిగి ఉంటుంది.

పతన కోణం 39 డిగ్రీలు అనుకుంటే లెక్క ఇలా వస్తుంది. నేల నిలువుగా 1 సెం.మీ. దిగితే చూపు రేఖలో 0.78 సెం.మీ. కనిపిస్తుంది (కొసైన్ 39). తూర్పు పడమరలకు 1 సెం.మీ. జరిగితే 0.62. ఉత్తర దక్షిణాలకు 1 సెం.మీ. జరిగితే 0.13 మాత్రమే. ఈ మూడు సంఖ్యలూ గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి. కింద చెప్పబోయేవాటిలో సగం వీటి నుంచి వచ్చినవే.

పళ్ళెం ఎందుకు పక్కకు జరిగి కనిపిస్తుంది

భూగర్భ గనిలో బొగ్గు పిల్లర్లు తీసేసి గోఫ్‌ను (బొగ్గు తీసేసిన ఖాళీని) కూలనిచ్చినా, లాంగ్‌వాల్ ముఖం (బొగ్గు కోసే పొడవాటి గోడ) ముందుకు పోతూ వెనక కప్పు కూలినా పైన నేల పళ్ళెంలా దిగుతుంది. ఇసుక నింపిన చోట్ల దిగుబాటు బాగా తగ్గుతుంది కానీ ఆకారం అదే. పళ్ళెం నడిబొడ్డున ఉన్న చుక్క నిలువుగా దిగుతుంది. అంచుల మీది చుక్కలు దిగుతూనే నడుమకు లాగబడతాయి. ఈ పక్క లాగుడును మరిచిపోయి చూపు రేఖ విలువను కొసైన్‌తో భాగించి ‘నిలువు కుంగుబాటు’ అని రాయడం అందరూ చేసే పొరపాటు.

పడమటి అంచున ఒక చుక్క 10 సెం.మీ. దిగింది, 4 సెం.మీ. తూర్పుకు జరిగింది అనుకుందాం. సాయంత్రం ఉపగ్రహం పడమర వైపు ఉంది కాబట్టి తూర్పుకు జరిగిన చుక్క దానికి దూరమైంది. దిగుబాటు నుంచి 7.8, జరుగుబాటు నుంచి 2.5, మొత్తం 10.2 సెం.మీ. కొసైన్‌తో భాగిస్తే 13.2 సెం.మీ. కుంగినట్టు తేలుతుంది. పొద్దుటి పాస్‌లో అదే చుక్క ఉపగ్రహం వైపు జరిగింది. 7.8 లోంచి 2.5 పోగా 5.3. భాగిస్తే 6.8 సెం.మీ. ఒకే చుక్క, ఒకే కాలం, రెండు పటాల్లో దాదాపు రెండింతల తేడా. తూర్పు అంచున ఇదంతా తిరగబడుతుంది. ఫలితంగా సాయంత్రం పటంలో పళ్ళెం పడమరకు, పొద్దుటి పటంలో తూర్పుకు జరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి ‘జియోకోడింగ్ (బొమ్మను పటం మీద దాని చోట కూర్చోబెట్టడం) తప్పింది’ అనుకుని పటాన్ని చేత్తో జరిపి ప్యానెల్ (బొగ్గు తవ్విన భాగం) గీతల మీద కూర్చోబెడుతుంటారు. అలా చేస్తే ఉన్న సమాచారం కూడా పోతుంది.

సరైన మందు రెండు పాస్‌లూ కలపడం. పైన వచ్చిన 13.2, 6.8ల సగటు 10.0, అంటే అసలు దిగుబాటు. రెండింటి తేడా నుంచి తూర్పు పడమర కదలిక వస్తుంది. ఒక్కో పాస్‌లో పొరపాటు 5 మి.మీ. అనుకుంటే నిలువులో దాదాపు 4.5 మి.మీ., తూర్పు పడమరలో దాదాపు 6 మి.మీ. పొరపాటు మిగులుతుంది. ఇది మంచి బేరమే.

బేరం చెడేది తేదీల దగ్గర. సాయంత్రం పాస్, పొద్దుటి పాస్ ఒకే రోజున రావు. ముఖం రోజుకు 5 మీటర్లు పోతుంటే నాలుగు రోజుల తేడాలో పళ్ళెం అంచు 20 మీటర్లు ముందుకు నడిచి ఉంటుంది. రెండు సిరీస్‌లనూ ఒకే తేదీలకు ఇంటర్‌పొలేట్ చేశాకే కలపాలి. రెండో సంగతి, ఊరు ఒక ట్రాక్‌లో 34 డిగ్రీల దగ్గర, ఇంకో ట్రాక్‌లో 43 డిగ్రీల దగ్గర పడవచ్చు. అప్పుడు ఊరికే సగటు తీస్తే తప్పు, ప్రతి చుక్కకూ దాని కోణంతో సమీకరణం కట్టాలి. ఇక అన్నిటికంటే ముందు, రెండు దిక్కుల పాస్‌లూ మనకు కావలసిన నెలల్లో నిజంగా ఉన్నాయా అని కేటలాగులో లెక్కపెట్టాలి. రెండు దిక్కుల్లోనూ సమానంగా డేటా ఉంటుందని అనుకోకూడదు.

ఉత్తరం మాటేమిటి? సెంటినెల్ రెండు పాస్‌లలోనూ ఉత్తరపు గుణకం ఒకే గుర్తుతో, అదే 0.13గా ఉంటుంది. కాబట్టి రెండూ కలిపినా ఉత్తరం విడిపోదు, నిలువులో కలిసిపోతుంది. మన దగ్గర ఇది పుస్తకాల్లో చెప్పినంత చిన్న విషయం కాదు. గోదావరి లోయలో బొగ్గు పొరల పట్టీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతుంది. ఆ దిక్కున పొడవుగా ఉన్న ప్యానెల్ మీద పక్క లాగుడు ఈశాన్య నైరుతి దిక్కున ఉంటుంది. నైరుతి అంచు 4 సెం.మీ. ఈశాన్యానికి లాగబడితే అందులో తూర్పు వాటా 2.8, ఉత్తరం వాటా 2.8. ఉత్తరపు 2.8 సెం.మీ. నిలువులోకి అర సెంటీమీటరు అదనపు కుంగుబాటుగా చొరబడుతుంది. ఎదుటి అంచున అంతే తగ్గుతుంది. 10 సెం.మీ. దిగుబాటు మీద అర సెంటీమీటరు అంటే ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పక్క కదలిక విషయం. అసలు 4 సెం.మీ. ఉంటే మనకు 2.8 మాత్రమే దొరుకుతుంది. ఇళ్ళ గోడలు పగిలేది పక్క లాగుడులోని తేడా వల్ల, అంటే స్ట్రెయిన్ వల్ల. ముప్పై శాతం తగ్గిన కదలికతో స్ట్రెయిన్ లెక్కకట్టి ‘ఇళ్ళకు ప్రమాదం లేదు’ అని రాయడం ఘోరమైన పొరపాటు. అలాంటి మాట చెప్పాలంటే నేల మీద జీపీఎస్ కొలతలు ఉండి తీరాలి.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నాసా, ఇస్రోల రాడార్ ఉపగ్రహం నైసార్ ఇక్కడ కొంత ఆసరా. అది ఎడమ పక్కకు చూస్తుంది కాబట్టి ఉత్తరపు గుణకం గుర్తు మారుతుంది. కుడి చూపు రెండు, ఎడమ చూపు రెండు, మొత్తం నాలుగు పాస్‌లు కలిపితే ఉత్తరం విడిపోతుంది. కానీ కోణాలన్నీ 39 దగ్గరే అనుకున్నా పొరపాటు దాదాపు 3.8 రెట్లు అవుతుంది. పాస్‌కు 5 మి.మీ. అయితే ఉత్తరంలో 19 మి.మీ. డెసిమీటర్ల కదలిక ఉన్న లాంగ్‌వాల్ పళ్ళెం మీద ఇది పనికొస్తుంది. ఏడాదికి మిల్లీమీటర్లలో సర్దుకునే పాత బెల్లంపల్లి పనుల మీద పనికిరాదు.

మరీ వాలుగా దిగితే లెక్క తప్పుతుంది

ఫేజ్ (తిరిగొచ్చిన తరంగం తన చుట్టులో ఎక్కడుందో చెప్పే కోణం) ఒక చుట్టు తిరిగితే ఒక ఫ్రింజ్, అంటే చూపు రేఖలో తరంగదైర్ఘ్యంలో సగం, 2.77 సెం.మీ. పక్కపక్కనున్న రెండు పిక్సెళ్ళ మధ్య తేడా అర ఫ్రింజ్ దాటితే ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పే దారి అన్‌ర్యాపింగ్‌కు (చుట్లు లెక్కపెట్టి ఫేజ్‌ను దూరంగా మార్చే పనికి) ఉండదు. అర ఫ్రింజ్ అంటే చూపు రేఖలో 1.39 సెం.మీ., నిలువుగా చూస్తే 1.8 సెం.మీ. సెంటినెల్ పిక్సెల్ రేంజ్ దిక్కున, అంటే చూపు దిక్కున, ఏటవాలుగా 2.3 మీటర్లు, నేల మీద పరిస్తే 3.7 మీటర్లు. దారి వెంబడి 14 మీటర్లు. రేంజ్‌లో నాలుగు పిక్సెళ్ళు కలిపితే దాదాపు 15 మీటర్ల చదరం. దాని మీద మీటరుకు 1.2 మి.మీ. వాలు దాకా కొలవొచ్చు. నాయిస్ తగ్గుతుందని మల్టీలుకింగ్ (పక్క పిక్సెళ్ళను కలిపి సగటు తీయడం) పెంచి 40 మీటర్ల పిక్సెల్ చేస్తే హద్దు మీటరుకు 0.45 మి.మీ.కు పడిపోతుంది. నాయిస్ తగ్గింది, హద్దూ తగ్గింది.

ఇప్పుడు 12 రోజుల్లో ముఖం వెనక అర మీటరు దిగిందనీ, ఆ దిగుబాటు 150 మీటర్ల దూరంలో పరచుకుందనీ అనుకుందాం. సగటు వాలు మీటరుకు 3.3 మి.మీ. పళ్ళెం అంచు ఎస్ ఆకారంలో ఉంటుంది కాబట్టి నడుమ వాలు దానికి దాదాపు రెట్టింపు, 6.5 మి.మీ. పైన. సెంటినెల్ హద్దుకు ఇది అయిదింతలు దాటింది. నైసార్ ఎల్-బ్యాండ్ తరంగదైర్ఘ్యం దాదాపు 24 సెం.మీ. నిలువులో అర ఫ్రింజ్ 7.7 సెం.మీ. 15 మీటర్ల పిక్సెల్ మీద హద్దు మీటరుకు 5 మి.మీ., 10 మీటర్ల మీద 7.7 మి.మీ. అంటే ఎల్-బ్యాండ్‌లో కూడా పిక్సెల్ చిన్నది పెట్టుకుంటేనే గట్టెక్కుతుంది. ‘ఎల్-బ్యాండ్ వచ్చింది కదా’ అని పెద్ద పిక్సెళ్ళతో తయారుగా దొరికే ఇంటర్‌ఫెరోగ్రామ్‌లు (రెండు తేదీల ఫేజ్ తేడా బొమ్మలు) దించుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది.

హద్దు దాటినప్పుడు పటం మీద రంధ్రం పడితే మంచిదే, తెలిసిపోతుంది. చాలాసార్లు అలా జరగదు. స్నాఫు లాంటి అన్‌ర్యాపింగ్ ప్రోగ్రాం నునుపైన జవాబు వెతుకుతుంది. 14 ఫ్రింజ్‌లు ఉండాల్సిన చోట మూడు పెట్టి చక్కటి పళ్ళెం ఇస్తుంది. అర మీటరు కుంగిన చోట 10 సెం.మీ. అని వస్తుంది. అంకె తప్పు, ఆకారం నమ్మదగ్గట్టుగా ఉంటుంది, అందుకే ప్రమాదం. దీన్ని పట్టుకోవడానికి రెండు పనులు. ఒకటి, అన్‌ర్యాప్ చేయని ఫ్రింజ్‌లను కళ్ళతో, అంచు నుంచి నడుమకు లెక్కపెట్టడం. లెక్కపెట్టలేనంత దగ్గరగా ఉంటే అక్కడ విలువ రాయకూడదు. రెండు, మూడు తేదీల ముక్కోణం మూసి చూడటం: మొదటి 12 రోజులు, తర్వాతి 12 రోజులు కలిపితే నేరుగా తీసిన 24 రోజుల దానితో సరిపోవాలి. 24 రోజుల దానిలో వాలు రెట్టింపు కాబట్టి అది ముందు తప్పుతుంది, తేడా పూర్తి చుట్లలో బయటపడుతుంది. మీటరు స్థాయి దిగుబాటుకు ఫేజ్‌ను వదిలేసి ఆఫ్‌సెట్ ట్రాకింగ్ (రెండు బొమ్మల్లో ఆనవాళ్ళు ఎంత జరిగాయో పోల్చడం) చేయొచ్చు. దాని సున్నితత్వం పిక్సెల్‌లో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు. అంటే రేంజ్ దిక్కున 12 నుంచి 23 సెం.మీ., దారి దిక్కున మీటరు అటూ ఇటూ. రేంజ్ దిక్కు పనికొస్తుంది, రెండోది ఇక్కడ పనికిరాదు.

కాలంలోనూ ఇదే హద్దు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు (స్తంభాలు) కుంగాయి. అలాంటి చోట ఒక కట్టడం ఒక్కసారిగా సుమారు 36 సెం.మీ. దిగితే అది సెంటినెల్‌కు సరిగ్గా పది ఫ్రింజ్‌లు, ఫేజ్‌లో ఏమీ జరగనట్టే ఉంటుంది. పైగా 20 మీటర్ల ఎత్తు పియర్ పైభాగం పటంలో 25 మీటర్లు ఉపగ్రహం వైపు జరిగి, నీటి పిక్సెళ్ళ మీదో పక్క పియర్ మీదో పడుతుంది. బ్యారేజీల మీద ఇన్‌సార్ నెమ్మది కదలికకే, అదీ ఏ చుక్క ఏ భాగానిదో ఒక్కొక్కటిగా ఆనవాలు పట్టాకే.

ఓబీ గుట్టల వాలు

ఓపెన్‌కాస్ట్ గని చుట్టూ పోసే మట్టి (ఓవర్‌బర్డెన్, పొట్టిగా ఓబీ) గుట్టల వదులు వాలు 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఈ సంఖ్య సెంటినెల్ పతన కోణాలకు మరీ దగ్గరగా ఉంది, చిక్కంతా అక్కడే. ఉపగ్రహానికి ఎదురుగా ఉన్న వాలు పతన కోణం కంటే నిటారుగా ఉంటే గుట్ట తల దాని పాదం కంటే ముందే రాడార్‌కు తగులుతుంది. పటంలో తలా పాదం ఒకదాని మీద ఒకటి పడతాయి. లేఓవర్ అంటే ఇదే, అక్కడ కొలతే లేదు. పతన కోణం 35 డిగ్రీలున్న ట్రాక్‌లో ఎదురు వాలుకు పట్టే గతి ఇది.

కోణం 43 ఉన్న ట్రాక్‌లో లేఓవర్ తప్పుతుంది, కానీ వాలు నలిగిపోతుంది. మిగిలిన తేడా 6 డిగ్రీలు. వాలు మీద పిక్సెల్ పొడవు 2.3ను సైన్ 6తో భాగిస్తే 22 మీటర్లు. ఇంకో మాట చాలామంది గమనించరు: వాలు వెంబడి మట్టి జారితే దానిలో ఎంత కనిపిస్తుందో చెప్పేదీ అదే సైన్ 6, అంటే 0.10. పది సెంటీమీటర్లు జారితే ఒక సెంటీమీటరు కనిపిస్తుంది. ఒకే సంఖ్య పిక్సెల్‌ను పదింతలు సాగదీస్తుంది, కదలికను పదో వంతు చేస్తుంది. అదే గుట్టను అవతలి పాస్ నుంచి చూస్తే కోణాలు కలుస్తాయి. 43, 37 కలిపి 80. పిక్సెల్ 2.4 మీటర్లు, జారుడులో 98 శాతం కనిపిస్తుంది. అందుకే పడమటి వాలుకు పొద్దుటి పాస్, తూర్పు వాలుకు సాయంత్రం పాస్. వాలుకు వీపు వెనక నుంచి చూసే పాసే మేలు. దీనికీ హద్దుంది. 90 లోంచి పతన కోణం తీసేయగా వచ్చిన దానికంటే వాలు నిటారైతే అది నీడలో పడుతుంది. 43 డిగ్రీల చూపుకు ఆ హద్దు 47. గని బెంచీల గోడలు 70 డిగ్రీల దాకా ఉంటాయి కాబట్టి అవి ఒక పాస్‌లో లేఓవర్, ఇంకో పాస్‌లో నీడ. బెంచీ గోడ స్థిరత్వాన్ని ఉపగ్రహంతో కొలుస్తామనడం జ్యామితి ఒప్పుకోని మాట. దానికి గని అవతలి అంచున నిలబెట్టే స్లోప్ స్టెబిలిటీ రాడార్ ఉంది, అదే వాడాలి.

రోజూ డంపర్లు పోస్తున్న గుట్ట మీద కోహరెన్స్ (రెండు బొమ్మల మధ్య పోలిక) నిలవదు. పోయడం ఆపేసిన గుట్టలే కొలతకు దొరుకుతాయి, వాటి మీదా చెట్లు పెరిగాక సీ-బ్యాండ్ (సెంటినెల్ వాడే పొట్టి తరంగం) చేతులెత్తేస్తుంది.

2000 నాటి ఎత్తులతో నేటి గనిని కొలవడం

ఇది ఉత్తర తెలంగాణకు ప్రత్యేకంగా తగిలే సమస్య, అయినా దీని మీద చర్చ తక్కువ. రెండు పాస్‌ల మధ్య ఉపగ్రహం సరిగ్గా అదే చోట ఉండదు. చూపుకు అడ్డంగా ఉన్న ఆ ఎడమే పర్పెండిక్యులర్ బేస్‌లైన్. సెంటినెల్‌లో అది చాలాసార్లు 150 మీటర్ల లోపే. బేస్‌లైన్ 100 మీటర్లైతే ఎత్తులో 150 మీటర్ల తేడా ఒక పూర్తి ఫ్రింజ్ ఇస్తుంది. మామూలు చోట ఎత్తుల పటంలో 10 మీటర్ల తప్పుంటే అది చూపు రేఖలో 2 మి.మీ. లోపే. పట్టించుకోనక్కర్లేదు.

కానీ అందరూ వాడే ఎస్‌ఆర్‌టీఎం అనే ఎత్తుల పటంలోని ఎత్తులు 2000 ఫిబ్రవరిలో షటిల్ నుంచి కొలిచినవి. ఆ తర్వాత తవ్విన ఓపెన్‌కాస్ట్ గుంత అందులో చదును నేలగానే ఉంటుంది. ఆ తర్వాత లేచిన మట్టి గుట్ట అందులో లేదు. కోపర్నికస్ డీఈఎం (ఎత్తుల పటం) కొంత మెరుగు, అది 2011-2015 నాటి టాన్‌డెమ్-ఎక్స్ కొలతలది. అయినా నేటి గని కాదు. గుంత 150 మీటర్లు లోతయితే, 100 మీటర్ల బేస్‌లైన్‌తో 2.8 సెం.మీ. దొంగ కదలిక పుడుతుంది.

దాన్ని గుర్తు పట్టడం కష్టం కాదు. దొంగ ఫ్రింజ్ బేస్‌లైన్‌ను బట్టి పెరుగుతుంది, బేస్‌లైన్ గుర్తు మారితే తనూ తిరగబడుతుంది. నిజమైన కుంగుబాటు రోజులను బట్టి పెరుగుతుంది. మింట్‌పై లాంటి టైమ్ సిరీస్ సాధనాలు డీఈఎం తప్పును సరిచేసేది ఈ సూత్రంతోనే. అయితే వాటికి ఒక నమ్మకం ఉంది: తప్పు సిరీస్ మొత్తంలో మారదని. నడుస్తున్న గనిలో నెలనెలా లోతు పెరుగుతుంది కాబట్టి ఆ నమ్మకం నిలవదు, దిద్దుబాటే కొత్త తప్పు తెస్తుంది. గని ఉన్న చోట 30 మీటర్ల లోపు బేస్‌లైన్ జతలే తీసుకోండి. అప్పుడు 150 మీటర్ల తప్పు 0.8 సెం.మీ.కు తగ్గుతుంది. లేదా ఏటేటా డ్రోన్ సర్వే ఎత్తులతో డీఈఎం మార్చండి.

ఎత్తు తప్పు వల్ల చుక్క చోటు కూడా తప్పుతుంది, ఇది ఇంకా చెడ్డది. 39 డిగ్రీల దగ్గర 150 మీటర్ల ఎత్తు తప్పుకు 185 మీటర్ల జరుగుడు. గుంత అడుగున ఉన్న చుక్క సాయంత్రం పటంలో 185 మీటర్లు తూర్పుకు, పొద్దుటి పటంలో అంతే పడమరకు పోతుంది. రెండింటి మధ్య 370 మీటర్లు. గుట్ట తల ఇందుకు ఎదురు దిక్కున జరుగుతుంది. ఆ రెండు పాస్‌లనూ కలిపి నిలువు, తూర్పు పడమర విడగొడితే మనం కలిపింది ఒకే చుక్క కొలతలు కానే కాదు. ముందు రెండు యాంప్లిట్యూడ్ (రాడార్ మెరుపు) బొమ్మలనూ జియోకోడ్ చేసి, గని అంచు రోడ్డో కన్వేయర్ లైనో రెండింట్లో ఒకే చోట పడుతోందా చూడాలి. పడకపోతే అక్కడితో ఆగి డీఈఎం సంగతి చూడాలి.

వరంగల్, హనుమకొండ వైపు వస్తే కథ వేరు. అడుగున గ్రానైట్. నీళ్ళు తోడినంత మాత్రాన గట్టి రాయి బంకమట్టిలా అణగదు. అక్కడ ఏడాదికి 5 మి.మీ. ఎర్ర మచ్చ కనిపిస్తే కుంగుబాటు అనేముందు మిగతా కారణాలు చూడాలి. 30 మీటర్ల భవనం 15 డిగ్రీల వేడి తేడాకు 5 మి.మీ. సాగుతుంది, అది చలికాలం, ఎండాకాలం మధ్య లయగా కనిపిస్తుంది. ఊరి చుట్టూ నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది. అది నిజమైన కదలికే, కానీ గనితో సంబంధం లేనిది. వరి మడుల మీద నాటు నుంచి కోత దాకా సీ-బ్యాండ్ కోహరెన్స్ ఆశించవద్దు. యాసంగి కోత అయ్యాక తొలకరి దాకా ఉన్న వారాలే పొలాల మీద నమ్మదగ్గవి.

రిఫ్లెక్టర్ పెట్టేటప్పుడు

చెట్టూ పొలమూ ఉన్న ప్యానెల్ మీద నికరమైన కొలత కావాలంటే మూడు పలకల కార్నర్ రిఫ్లెక్టర్ (రాడార్ తరంగాన్ని వచ్చిన దారినే తిప్పి పంపే లోహపు మూల) పెట్టాలి. సీ-బ్యాండ్‌కు 1 మీటరు అంచు చాలు, దాని రాడార్ విస్తీర్ణం దాదాపు 1,360 చదరపు మీటర్లు. ఎల్-బ్యాండ్‌లో అంతే మెరుపు కావాలంటే అంచు 2.1 మీటర్లు కావాలి. సీ-బ్యాండ్ కోసం పెట్టిన మీటరు రిఫ్లెక్టర్ నైసార్‌లో 73 చదరపు మీటర్లే ఇస్తుంది, చుట్టూ చెట్ల మెరుపులో మునిగిపోవచ్చు. రెండు ఉపగ్రహాలకూ ఒకే రిఫ్లెక్టర్ అనుకుంటే పెద్దదే చేయించండి. దిక్కు మాత్రం గుర్తుంచుకోండి: ఎడమ చూపు ఉపగ్రహానికి సాయంత్రం పాస్‌లో తూర్పు ముఖం, పొద్దుటి పాస్‌లో పడమటి ముఖం కావాలి.

సెంటినెల్ సాయంత్రం పాస్‌కు రిఫ్లెక్టర్ నోరు ఉత్తరం నుంచి సవ్యదిశలో 258 డిగ్రీలకు, పొద్దుటి పాస్‌కు 102 డిగ్రీలకు తిరిగి ఉండాలి. అడుగు పలక మట్టంగా ఉంటే రిఫ్లెక్టర్ చూపు 35.3 డిగ్రీల ఎత్తుకు ఉంటుంది. పతన కోణం 39 అయితే ఉపగ్రహం 51 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కాబట్టి ముందు అంచును 15.7 డిగ్రీలు పైకి లేపాలి. రెండు మూడు డిగ్రీల తేడా పెద్దగా నష్టం చేయదు. నష్టం చేసేది పలకల మధ్య లంబకోణం చెడటం, రేకు వంగడం. ముందు అంచు లేపాక వాన నీళ్ళు లోపలి మూలకు చేరతాయి. అక్కడ రంధ్రం తప్పనిసరి, లేకపోతే వానాకాలమంతా మూలలో నీళ్ళు నిలిచి మెరుపు పడిపోతుంది. చిల్లుల రేకు వాడితే గాలి, నీరు రెండింటి బాధా తగ్గుతుంది. కాళ్ళను నల్లరేగడి పైపొరలో పాతితే నేల ఉబ్బునే కొలుస్తారు. ఆ పొర దాటి మొరం తగిలేదాకా తవ్వి కాంక్రీటు పోయాలి. ఇనుము కనబడితే ఎత్తుకెళ్ళే చోటైతే కంచె కట్టాలి, కానీ కంచె లోహానిదైతే అదీ మెరుస్తుంది. కర్ర గుంజలు, నైలాన్ వల మేలు.

కనీసం ఒక రిఫ్లెక్టర్‌ను పళ్ళెం ప్రభావం చేరని దూరంలో, గట్టి నేల మీద పెట్టండి. మిగతా అన్ని విలువలూ దానితో పోల్చినవే అవుతాయి. ప్రతి రిఫ్లెక్టర్ పక్కన లెవెలింగ్ (నేల మీద పరికరంతో ఎత్తు కొలవడం) పిల్లర్ ఉండాలి. లెవెలింగ్ పాస్ ఉన్న రోజే చేయాలి. ముఖం నడుస్తున్న రోజుల్లో లెవెలింగ్ వారం ఆలస్యమైతే రెండు కొలతలూ సరైనవే అయినా ఒకదానితో ఒకటి కలవవు. లెవెలింగ్ అంకెలను కూడా చూపు రేఖలోకి మార్చి పోల్చండి. ఇన్‌సార్‌ను నిలువులోకి మార్చి పోలిస్తే పక్క లాగుడు మళ్ళీ దొంగదారిన చొరబడుతుంది. లెవెలింగ్‌తో పాటు జీపీఎస్ ఉంటేనే ఈ మార్పు పూర్తిగా చేయగలం, ఎందుకంటే చూపు రేఖకు మూడు దిక్కులూ కావాలి. పటం రంగుల పట్టీ కింద ‘చూపు రేఖ వెంబడి కదలిక’ అని, పాస్ ఏదో, ఆ ఊరి దగ్గర పతన కోణం ఎంతో, ధన గుర్తు ఉపగ్రహం వైపా అవతలికా అన్నదీ రాయండి. ఈ నాలుగూ ఉంటే పటం చదివే సర్వేయర్ మిగతా లెక్క తనే చేసుకోగలడు.